రసాయన సాఫ్ట్‌వేర్: ఇన్ని ఎందుకు, ఒక్కటి చాలదా? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఓపెన్ బాబెల్, ఆర్‌డీకిట్, సీడీకే – మూడూ ఉచితమే, మూడూ ఓపెన్ సోర్సే. అణువుల ఫైళ్లు చదవడం, వాటి ధర్మాలు లెక్కగట్టడం వంటి పనులు మూడూ చేస్తాయి. ఇంతమంది విడివిడిగా శ్రమపడే బదులు అందరూ కలిసి ఒకే సాఫ్ట్‌వేర్ రాసుకుంటే మేలు కదా? ఓపెన్ సోర్స్ అంటేనే కలిసి పనిచేయడం అంటారు. మరి ఇక్కడ ఆ కలయిక ఎక్కడుంది?
– ఎమ్మెస్సీ రసాయనశాస్త్ర విద్యార్థిని, వరంగల్

జవాబు: ఈ మూడు సాఫ్ట్‌వేర్‌లూ మూడు వేర్వేరు అవసరాల నుంచి పుట్టాయి. ఆ పుట్టుక తెలిస్తే, కలయిక ఎక్కడుందన్న మీ ప్రశ్నకు జవాబు దానంతట అదే దొరుకుతుంది.

2000 సెప్టెంబరులో అమెరికాలోని నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో క్రిస్టోఫ్ స్టైన్‌బెక్, డాన్ గెజెల్టర్, ఎగాన్ విల్లీహాగెన్ కలుసుకున్నారు. స్టైన్‌బెక్ అణువుల బొమ్మలు గీసే జేకెమ్‌పెయింట్‌ను రాశారు. గెజెల్టర్ అణువులను త్రిమితీయంగా తిప్పి చూపే జేమోల్‌ను రాశారు. అప్పటికి నెదర్లాండ్స్‌లో విద్యార్థిగా ఉన్న విల్లీహాగెన్ ఈ రెండింటికీ కోడ్ అందిస్తూ వచ్చారు. పరమాణువు, బంధం, వలయం అనే భావనలను రెండు ప్రోగ్రాములూ ఎవరికి వారు మొదటినుంచీ నిర్మించుకుంటున్నాయనీ, ఆ భాగాన్ని ఒకసారి బాగా రాసి అందరూ వాడుకోవచ్చనీ గుర్తించిన ఆ ముగ్గురూ జావా భాషలో మొదలుపెట్టిన లైబ్రరీయే (ఇతర ప్రోగ్రాములు పిలిచి వాడుకునే కోడ్ సమాహారమే) కెమిస్ట్రీ డెవలప్‌మెంట్ కిట్. దానినే మనం సీడీకే అంటున్నాం.

ఓపెన్ బాబెల్ కథ వేరు. ఒక ఫైల్ రూపం నుంచి మరొక రూపంలోకి అణువులను మార్చే బాబెల్ అనే పాత ప్రోగ్రాముకు వారసురాలిగా, ఓపెన్‌ఐ (OpenEye) అనే సంస్థ ఓఈలిబ్ అనే లైబ్రరీని జీపీఎల్ లైసెన్స్ కింద (ఆ కోడ్‌తో చేసిన ప్రోగ్రామును పంచితే దాని కోడ్‌నూ బహిరంగం చేయాలన్న షరతుతో) విడుదల చేసింది. ఆ తరువాత సంస్థ తన దారి మార్చుకుని మూసిన కోడ్‌తో కొత్త లైబ్రరీ రాసుకోవడానికి పూనుకుంది. అయితే అప్పటికే జీపీఎల్ కింద బయటికి వచ్చిన కోడ్‌ను వెనక్కి తీసుకోవడం ఎవరి వల్లా కాదు కాబట్టి, 2001లో కొందరు దానిని తీసుకుని ఓపెన్ బాబెల్ పేరుతో కొనసాగించారు. 2011లో ప్రచురించిన వ్యాసం నాటికే అది 110కి పైగా ఫైల్ రూపాలతో పనిచేయగలిగేది. ఆర్‌డీకిట్ మాత్రం ఒక చిన్న సంస్థ లోపల, ఔషధ పరిశోధన కోసం పుట్టింది. ఆ సంస్థ 2006లో మూతబడినప్పుడు కోడ్‌ను షరతులు చాలా తక్కువగా ఉండే బీఎస్‌డీ లైసెన్స్ కింద బహిరంగం చేశారు. గ్రెగ్ లాండ్రమ్ నాయకత్వంలో అది ఈ రోజు ప్రపంచమంతటా విద్యార్థులు, కంపెనీలు వాడే లైబ్రరీగా ఎదిగింది.

ఇక కలయిక సంగతి. 2005 మార్చిలో అమెరికన్ కెమికల్ సొసైటీ సమావేశాలు శాన్ డియాగోలో జరిగినప్పుడు, ఈ ప్రాజెక్టులకు చెందిన కొందరు అక్కడి హార్టన్ ప్లాజాలోని నీలిరంగు స్తంభం దగ్గర కలుసుకున్నారు. ఆ స్తంభం పేరుమీదనే తమ బృందాన్ని బ్లూ ఒబెలిస్క్ అని పిలుచుకున్నారు. దానికి అధ్యక్షుడు లేడు, సభ్యత్వ రుసుము లేదు, చందాల ఖాతా లేదు. అంగీకారం మాత్రం మూడు విషయాల మీద ఉంది: సమాచారం బహిరంగంగా ఉండాలి, సోర్స్ కోడ్ బహిరంగంగా ఉండాలి, ప్రమాణాలు బహిరంగంగా ఉండాలి. ప్రోగ్రాములన్నింటినీ ఒక్కటి చేద్దామన్నది ఆ ఒప్పందంలో లేదు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలగాలన్నదే ఉంది. 2006లో ఆ బృందం ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే పరస్పర వినియోగ యోగ్యత అన్న భావం కనిపిస్తుంది.

ఇది ఆచరణలో ఎలా ఉంటుందో చెప్పడానికి నాకు చాలా ఇష్టమైన ఉదాహరణ వారి ఉమ్మడి దత్తాంశ భాండాగారం. మూలకాల పరమాణు భారాలు, ఐసోటోపుల ద్రవ్యరాశులు, సమయోజనీయ వ్యాసార్ధాలు వంటి విలువలు రసాయన ప్రోగ్రాములన్నింటికీ అవసరమే. ఒక్కొక్కరు ఒక్కొక్క పుస్తకం నుంచి ఎక్కించుకుంటే, ఒక అంకె ఎక్కడో తారుమారై, ఒకే అణువుకు రెండు ప్రోగ్రాములు రెండు అణుభారాలు చెప్పే ప్రమాదం ఉంది. అందువల్ల ఆ పట్టికలను ఒకచోట పెట్టి, ఏ విలువ ఎక్కడినుంచి వచ్చిందో రాసి, ఎవరైనా ఉచితంగా తీసుకునేలా చేశారు. ఓపెన్ బాబెల్, సీడీకే, విద్యార్థుల కోసం తయారైన కాల్జియం అనే ఆవర్తన పట్టిక ప్రోగ్రాము – ఇవన్నీ ఆ భాండాగారంతో ముడిపడినవే. కొత్త సిద్ధాంతమేదీ లేని పని అది. చేసినవారికి పెద్ద పేరూ రాదు. అయినా ఈ రంగంలో సహకారమంటే ముందుగా గుర్తుకు రావలసింది అలాంటి పనే అని నా అభిప్రాయం.

క్వాంటం రసాయనశాస్త్రంలో ఇదే పద్ధతి ఇంకా లోతుగా వేళ్లూనుకుంది. సాంద్రతా ప్రమేయ సిద్ధాంతం, అంటే ఎలక్ట్రాన్ల సాంద్రత ఆధారంగా శక్తిని లెక్కగట్టే, విద్యార్థులు డీఎఫ్‌టీ అని పిలిచే పద్ధతి, వందల రకాల సమీకరణాలతో వస్తుంది. ప్రతి ప్రోగ్రామూ వాటిని సొంతంగా రాసుకుంటే, ఒక స్థిరాంకంలో నాలుగో దశాంశ స్థానం మారినా శక్తి విలువ మారిపోతుంది. లిబ్‌ఎక్స్‌సీ అనే లైబ్రరీ ఆ సమీకరణాలన్నింటినీ ఒకచోట చేర్చింది. రూపంలో, ఉద్దేశంలో ఎంతో తేడా ఉన్న అనేక ప్రోగ్రాములు దానినే పిలుచుకుంటాయి. ఎలక్ట్రాన్ సమాకలనాలకు లిబ్‌ఇంట్, స్ఫటికాల సౌష్ఠవానికి ఎస్‌పీజీలిబ్ కూడా ఇలాగే చాలా ప్రోగ్రాముల లోపల కనపడకుండా పనిచేస్తున్నాయి.

మరి లైబ్రరీలను ఇలా పంచుకోగలిగినవారు మొత్తాన్నే ఎందుకు కలపరు? భాష ఒక అడ్డంకి: సీడీకే జావాలో ఉంది, ఆర్‌డీకిట్ సీ ప్లస్ ప్లస్‌లో రాసి పైథాన్ నుంచి పిలిచేలా చేసినది. లైసెన్స్ మరొక అడ్డంకి: బీఎస్‌డీ కోడ్‌ను జీపీఎల్ ప్రాజెక్టులోకి తీసుకోవచ్చు గానీ, జీపీఎల్ కోడ్‌ను తెచ్చి బీఎస్‌డీ నిబంధనలతో పంచడానికి వీలు లేదు. కానీ ఈ రెండు అడ్డంకులూ రేపు తొలగిపోయినా, అన్నింటినీ కలిపేయడం మంచిదని నేను అనుకోను. ఒకే సమస్యను రెండు బృందాలు స్వతంత్రంగా పరిష్కరించినప్పుడు, వాటి జవాబుల్లో తేడా వస్తేనే తప్పు ఎక్కడో ఉందని తెలుస్తుంది. ఒక్కటే ప్రోగ్రాము ఉంటే, అది చెప్పిందే సత్యమై కూర్చుంటుంది.

దీనికి గొప్ప సాక్ష్యం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. బెల్జియంలోని గెంట్ విశ్వవిద్యాలయం చొరవతో, విస్తృతంగా వాడుకలో ఉన్న 15 డీఎఫ్‌టీ ప్రోగ్రాములను రాసేవారు, వాడేవారు ఏకమై, 71 మూలకాల స్ఫటికాలకు ఒకే లెక్క చేసి ఫలితాలను పక్కపక్కన పెట్టారు. అందులో ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములూ ఉన్నాయి, డబ్బు పెట్టి కొనేవీ ఉన్నాయి. కొత్త తరం ప్రోగ్రాములూ పద్ధతులూ దాదాపు ఒకే జవాబు ఇస్తున్నాయనీ, పాత పద్ధతుల్లో కొన్నింటికి ఆ నిలకడ లేదనీ తేలింది. పోటీదారులు తమ తమ లోపాలను ఒకే పట్టికలో బయటపెట్టుకోవడానికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ప్రోగ్రాములు విడివిడిగా ఉండటం వల్లనే ఆ పోలిక సాధ్యమైంది. వాటిని రాసినవారు కలవడం వల్లనే అది పూర్తయింది.

ప్రశ్న: నా పీహెచ్‌డీ పనిలో ఒకే అణువును రెండు ఓపెన్ సోర్స్ లైబ్రరీలకు ఇస్తే ఆరోమాటిక్ వలయాల సంఖ్య వేర్వేరుగా వచ్చింది. లాగ్‌పీ (అణువు నూనెలాంటి ద్రవంలోకీ నీటిలోకీ ఎంతెంత చేరుతుందో చెప్పే కొలత) విలువలూ కలవలేదు. ఇంకొన్ని అణువులనైతే ఒక లైబ్రరీ అసలు చదవనే లేదు. రెండింటిలో దేనిని నమ్మాలి?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: మీరు చెప్పిన మూడు ఇబ్బందులకూ కారణాలు వేరు. వాటిని కలిపి చూస్తే రెండు లైబ్రరీల మీదా నమ్మకం పోతుంది. అందుకే విడదీసి చూద్దాం.

చదవని అణువులతో మొదలుపెడదాం. అణువును ఒక వరుస అక్షరాలుగా రాసే స్మైల్స్ సంకేత పద్ధతిని 1980ల్లో డేవిడ్ వైనింగర్ రూపొందించారు. అందులో ఆరోమాటిక్ పరమాణువులను చిన్న అక్షరాలతో రాస్తారు. పిరిడీన్‌లోని నైట్రోజన్‌కు హైడ్రోజన్ లేదు, పిర్రోల్‌లోని నైట్రోజన్‌కు ఉంది. పిర్రోల్ రాసేటప్పుడు ఆ హైడ్రోజన్‌ను చదరపు కుండలీకరణాల్లో నైట్రోజన్ పక్కన స్పష్టంగా చూపకపోతే, ద్విబంధాలను వలయంలో ఎలా పంచాలో ప్రోగ్రాముకు తెలియదు. కొన్ని లైబ్రరీలు ఇలాంటి చోట ఊహించి ముందుకు పోతాయి, కొన్ని ఆగిపోయి దోషం చూపిస్తాయి. ఆగిపోయేదే మీకు ఎక్కువ మేలు చేస్తోందని నేనంటాను, ఎందుకంటే తప్పుగా రాసిన అణువును ఊహతో సరిచేస్తే అది మీరు అనుకున్న అణువేనన్న హామీ లేదు. నైట్రో సమూహం విషయంలో కూడా ఇలాంటి తేడాలే వస్తాయి: కొందరు నైట్రోజన్‌కు ఐదు బంధాలు గీస్తారు, కొందరు ధన, రుణావేశాలను విడదీసి గీస్తారు. ఆర్‌డీకిట్ మొదటి రూపాన్ని చదివేటప్పుడే రెండో రూపంలోకి మార్చుకుంటుంది.

స్మైల్స్‌కు చాలాకాలం పాటు అందరికీ అందుబాటులో ఉండే సంపూర్ణమైన, ఖచ్చితమైన నిబంధనావళి లేదు. ఆ లోటు తీర్చడానికి క్రెయిగ్ జేమ్స్ నేతృత్వంలో, బ్లూ ఒబెలిస్క్ బృందం అండతో 2007లో ఓపెన్‌స్మైల్స్ అనే నిబంధనావళి మొదలైంది. వివిధ లైబ్రరీలు స్మైల్స్‌ను ఎంత సరిగా చదువుతున్నాయో, ముఖ్యంగా చెప్పకుండా వదిలేసిన హైడ్రోజన్లను ఎలా లెక్కిస్తున్నాయో పోల్చి చూసే పరీక్షా సమాహారాన్ని ఆ తరువాత ఓపెన్ బాబెల్, సీడీకేలతో సంబంధమున్న నోయెల్ ఓబాయిల్, జాన్ మేఫీల్డ్ సిద్ధం చేశారు. దేనిలో ఏ తేడా ఉందో పేరు పేరునా బయటపెట్టి, ఆయా ప్రాజెక్టుల వారికి తెలియజేస్తే దిద్దుబాట్లు జరిగాయి.

ఆరోమాటిక్ వలయాల సంఖ్యలో తేడా తప్పు కాకపోవచ్చు. ఏ వలయాన్ని ఆరోమాటిక్ అనాలన్నది కంప్యూటర్ లోకంలో ఒక నిర్వచనం, ఆ నిర్వచనాలు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. 2-పిరిడోన్‌ను చూడండి: వలయం బయటికి కార్బన్, ఆక్సిజన్ ద్విబంధం ఉంది. ఒక నమూనా ప్రకారం అది ఆరోమాటిక్, మరొక నమూనా ప్రకారం కాదు. సీడీకేలో ఏ నమూనా వాడాలో మీరే ఎంచుకోవచ్చు. మీ సిద్ధాంత గ్రంథంలో లైబ్రరీ పేరు, దాని వెర్షన్‌తో పాటు ఏ నమూనా వాడారో కూడా రాయండి.

లాగ్‌పీ విషయానికొస్తే, ఆ రెండు లైబ్రరీలు రెండు వేర్వేరు ప్రచురిత పద్ధతులను అమలు చేస్తూ ఉండవచ్చు. పరమాణువులకు విలువలు కేటాయించి కూడే ఆ పద్ధతులు వేర్వేరు ప్రయోగ ఫలితాల మీద తయారైనవి కాబట్టి వాటి జవాబులు కలవకపోవడం సహజం. ఆందోళన పడవలసింది ఒకే పద్ధతి పేరు చెప్పి రెండు విలువలు ఇచ్చినప్పుడే. అలాంటిది కనబడితే తప్పక ఆ ప్రాజెక్టుకు తెలియజేయండి.

రెండు ఫైళ్లలో ఉన్నది ఒకే అణువా కాదా అని తేల్చుకోవడానికి మాత్రం ఇన్‌చి అనే గుర్తింపు సంకేతం వాడండి. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంస్థ ఐయూపాక్ ప్రారంభించగా అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో రూపుదిద్దుకుని, 2005లో మొదటి వెర్షన్‌గా విడుదలైన ఈ సంకేతాన్ని ఒకే ఉమ్మడి ప్రోగ్రాము తయారు చేస్తుంది. ప్రతి లైబ్రరీ సొంతంగా రాసుకోకుండా ఆ ప్రోగ్రామునే పిలుస్తుంది కాబట్టి జవాబుల్లో తేడాకు ఆస్కారం చాలా తక్కువ. ఇందాక చెప్పిన 2-పిరిడోన్, దాని మరో రూపమైన 2-హైడ్రాక్సీపిరిడీన్ – ఈ రెండింటికీ ప్రామాణిక ఇన్‌చి ఒకటే ఇస్తుందన్న సంగతి మాత్రం గుర్తుంచుకోండి. మీ పరిశోధన ఆ రెండు రూపాల మధ్య తేడా గురించే అయితే అది పనికిరాదు. దాని కుదించిన రూపమైన 27 అక్షరాల ఇన్‌చికీ వెతుకులాటకు చాలా అనువైనది.

ప్రశ్న: ఎవరు పడితే వారు మార్చగల కోడ్ మీద ఆధారపడి పరిశోధనా ఫలితాలు ప్రకటించడం నాకు భయం కలిగిస్తోంది. డబ్బు తీసుకునే కంపెనీ అయితే కనీసం బాధ్యత వహిస్తుంది. మా విద్యార్థులకు ఏమని చెప్పమంటారు?
– డిగ్రీ కళాశాల అధ్యాపకులు, కాకినాడ

జవాబు: ఎవరైనా మార్పు ప్రతిపాదించవచ్చు గానీ, ఎవరు పడితే వారు మార్చలేరు. ప్రతిపాదించిన మార్పును ఆ ప్రాజెక్టు నిర్వాహకులు చదివి, ప్రశ్నలు వేసి, ముందే రాసిపెట్టిన వందలాది పరీక్షలన్నీ మళ్లీ నడిపించి, అన్నీ నెగ్గితేనే చేర్చుకుంటారు. ఇక బాధ్యత విషయంలో, డబ్బు తీసుకునే సంస్థల లైసెన్స్ పత్రాలు కూడా ఫలితాల ఖచ్చితత్వానికి సాధారణంగా హామీ ఇవ్వవు. కానీ మీ భయాన్ని ఈ రెండు మాటలతో కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. కోడ్ బహిరంగంగా ఉన్నంత మాత్రాన తప్పులు ఉండకుండా పోవు. అయితే, తప్పు ఉన్నప్పుడు దానిని వెతకగల దారి తెరిచి ఉంటుంది. ఆ దారి మూసి ఉంటే ఏమవుతుందో చెప్పే ఒక సంఘటనను మీ విద్యార్థులకు వివరంగా చెప్పవచ్చు.

బాగా చల్లబరచినా గడ్డకట్టని నీరు రెండు రకాల ద్రవాలుగా విడిపోతుందా అన్నది భౌతిక రసాయనశాస్త్రంలో పాత ప్రశ్న. 2011లో బర్క్‌లీకి చెందిన డేవిడ్ చాండ్లర్, డేవిడ్ లిమ్మర్ తమ కంప్యూటర్ లెక్కల ఆధారంగా రెండో ద్రవం లేదని, అది ఉందన్నవారు చూస్తున్నది మంచుగా మారే ప్రక్రియనేనని వాదించారు. ప్రిన్స్‌టన్‌లో పాబ్లో డెబెనెడెట్టి బృందం అదే నమూనా నీటితో లెక్కలు చేసి రెండు ద్రవాలు స్పష్టంగా కనబడుతున్నాయని ప్రకటించింది. నమూనా ఒకటే, సిద్ధాంతం ఒకటే, జవాబులు మాత్రం రెండు. ఇరువైపులా ఆ రంగంలో అగ్రశ్రేణి శాస్త్రవేత్తలే. వాదం ఏళ్ల తరబడి పత్రికల్లోనూ సదస్సుల్లోనూ నడిచింది. చివరికి బర్క్‌లీ కోడ్ ప్రిన్స్‌టన్ వారి చేతికి అందిన తరువాత, వరుసగా ఒక్కొక్క భాగాన్నీ పరిశీలించగా అసలు సంగతి బయటపడింది. లెక్కలో ప్రతి అడుగు మొదట్లో నీటి అణువులకు యాదృచ్ఛికంగా వేగాలు కేటాయించాలి. ఆ కేటాయింపు జరిగిన తీరులో, అణువులు కదిలే శక్తికీ అవి తిరిగే శక్తికీ మధ్య ఉండవలసిన సమతౌల్యం దెబ్బతింది. ఆ ఒక్క భాగాన్ని సరిచేస్తే ఆ కోడ్ కూడా రెండు ద్రవాలనే చూపించింది. ఈ వివరణ 2018లో ప్రచురితమైంది. చాండ్లర్ అంతకు ముందు సంవత్సరమే కన్నుమూశారు.

ఆయన గొప్ప శాస్త్రవేత్త, అందులో సందేహం లేదు. ఆ పొరపాటు ఎవరికైనా జరగగలిగేదే. నన్ను బాధపెట్టేది ఏమిటంటే, కోడ్ మొదటి రోజునే బహిరంగంగా ఉండి ఉంటే అంత కాలం, అంత శ్రమ, రెండు బృందాల మధ్య అంత కటుత్వం అవసరమయ్యేవి కావు.

దీని పక్కన 2019 నాటి మరొక సంఘటనను పెట్టి చూడండి. అయస్కాంత క్షేత్రంలో అణువుల నిర్మాణాన్ని పరిశీలించే ఎన్‌ఎంఆర్ పద్ధతిలో కనిపించే రసాయన విస్థాపనాలను లెక్కగట్టేందుకు 2014లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు తమ పద్ధతితో పాటు చిన్న పైథాన్ స్క్రిప్టులను కూడా ప్రచురించారు. హవాయి విశ్వవిద్యాలయంలో ఒక సహజ పదార్థం నిర్మాణాన్ని పరిశోధిస్తున్న బృందం, అవే ఫైళ్లను అదే స్క్రిప్టుతో వేర్వేరు ఆపరేటింగ్ సిస్టమ్‌లున్న కంప్యూటర్లలో నడిపితే వేర్వేరు విలువలు వస్తున్నాయని గమనించింది. ఫోల్డర్‌లోని ఫైళ్ల పేర్లు ఏ వరుసలో వస్తాయో అన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకేలా ఉండదు. స్క్రిప్టు మాత్రం అవి ఎప్పుడూ అక్షరక్రమంలోనే వస్తాయన్న భరోసాతో జతలు కలుపుతోంది. పేర్లను ముందుగా క్రమంలో పెట్టే చిన్న ఆజ్ఞ చేరిస్తే సమస్య తీరిపోయింది. ఆ స్క్రిప్టులను ఎందరో పరిశోధకులు అప్పటికే వాడి ఉన్నారు. అయినా కోడ్ చేతిలో ఉండటం వల్ల లోపం ఏమిటో, ఎక్కడుందో, దిద్దుబాటు ఏమిటో ఒకే వ్యాసంలో లోకానికి తెలిసింది. మొదటి రచయితలకూ అందులో అవమానమేమీ లేదు. తాము చేసిన పనిని ఇతరులు పరీక్షించగలిగేలా ప్రచురించినవారు వారే.

మీ విద్యార్థులకు ఒక అభ్యాసం ఇవ్వమని నా సూచన. ఏదైనా ఒక ధర్మాన్ని రెండు స్వతంత్ర ప్రోగ్రాములతో లెక్కించి, తేడా వస్తే కారణం వెతికి ఒక పేజీ రాయమనండి.

ప్రశ్న: మేము విశాఖపట్నం దగ్గర ఒక ఔషధ కంపెనీ పరిశోధన విభాగంలో పనిచేస్తున్నాం. ఓపెన్ సోర్స్ లైబ్రరీలు వాడితే మా అణువుల వివరాలు, మేము రాసుకున్న కోడ్ బయటపెట్టాల్సి వస్తుందని మా పై అధికారులు అభ్యంతరం చెబుతున్నారు. ఇది నిజమేనా?
– పరిశోధన విభాగం ఉద్యోగి, పరవాడ

జవాబు: అణువుల విషయంలో నిజం కాదు. ఈ లైసెన్స్‌లేవీ మీరు లెక్కించే సమాచారాన్ని తాకవు. కోడ్ విషయంలో మాత్రం ఏ లైసెన్స్ అన్నది చూడాలి. ఆర్‌డీకిట్‌కు ఉన్న బీఎస్‌డీ లైసెన్స్ కింద మీరు మీ కోడ్‌ను మూసే ఉంచుకోవచ్చు. ఆ లైబ్రరీని కలిపి ఎవరికైనా పంచితే కాపీహక్కు ప్రకటనను మాత్రం తొలగించకూడదు. సీడీకేకు ఎల్‌జీపీఎల్ ఉంది: దాన్ని వాడే మీ ప్రోగ్రాము మీదే, కానీ సీడీకే లోపలే మార్పులు చేసి ఆ ప్రతిని బయటివారికి పంచితే ఆ మార్పులను కూడా అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. ఓపెన్ బాబెల్‌కు జీపీఎల్: దానితో కలిపి రాసిన ప్రోగ్రామును కంపెనీ బయట పంచినప్పుడే కోడ్ ఇవ్వవలసిన బాధ్యత వస్తుంది. కంపెనీ లోపల వాడుకుంటే రాదు. నిర్ణయానికి ముందు మీ న్యాయ సలహాదారుకు లైసెన్స్ పత్రాలను నేరుగా చూపించండి.

ఇంకొక మాట మీ అధికారులకు చెప్పవచ్చు. పెద్ద ఔషధ సంస్థల ఉద్యోగులే ఈ లైబ్రరీలకు కోడ్ రాస్తున్నారు. ఆర్‌డీకిట్ ఎదుగుదలలో స్విట్జర్లాండ్‌లోని నోవార్టిస్ పాత్ర చాలా ఉంది. అణువులను చదివే, గీసే, పోల్చే కోడ్‌లో ఏ కంపెనీకీ వ్యాపార రహస్యం లేదు. దాన్ని ఉమ్మడిగా నిలబెట్టుకుని, పోటీని అణువుల దగ్గర పెట్టుకుంటున్నారు. మీ విభాగం ఒక లోపాన్ని సరిచేస్తే ఆ దిద్దుబాటును తిరిగి పంపడం మీకే లాభం, ఎందుకంటే పంపకపోతే ప్రతి కొత్త వెర్షన్‌కూ అదే దిద్దుబాటును మీరే మళ్లీ మళ్లీ చేర్చుకోవాలి.

ప్రశ్న: ఇలాంటి ప్రాజెక్టులు ఒకరిద్దరు వ్యక్తుల మీదే నడుస్తాయంటారు. వారు తప్పుకుంటే మా గతేమిటి?
– జేమోల్ వాడే ఇంటర్ అధ్యాపకురాలు, తెనాలి

జవాబు: మీరు వాడుతున్న జేమోల్ చరిత్రే దీనికి మంచి జవాబు. గెజెల్టర్ మొదలుపెట్టిన ఆ ప్రోగ్రాము బాధ్యత చేతులు మారుతూ వచ్చి, మిన్నెసోటాలోని సెయింట్ ఓలాఫ్ కళాశాల అధ్యాపకుడు బాబ్ హాన్సన్ వద్దకు చేరింది. బ్రౌజర్లు జావా ఆప్లెట్లను ఆపేస్తున్న రోజుల్లో, ప్రపంచమంతటా రసాయన పాఠాల పేజీలు ఒక్కసారిగా ఖాళీ అయిపోయే ప్రమాదం ముంచుకొచ్చింది. అప్పుడు అదే ప్రోగ్రామును జావాస్క్రిప్ట్‌లోకి తెచ్చి జేఎస్‌మోల్‌గా అందించారు. మీ తరగతిలో ఫోన్‌లో కూడా అణువు తిరుగుతోందంటే కారణం అదే. కోడ్ బహిరంగంగా లేకపోతే ఇన్ని చేతులు మారడం కుదిరేది కాదు. అయితే వారసుడు తప్పకుండా దొరుకుతాడన్న హామీ కూడా లేదు. ఎవరూ ముందుకు రాక ఆగిపోయిన ప్రాజెక్టులు చాలానే ఉన్నాయి. ఈ లోటును గుర్తించే అమెరికా జాతీయ సైన్స్ ఫౌండేషన్ నిధులతో 2016లో వర్జీనియా టెక్ కేంద్రంగా మాల్స్‌సీ అనే సంస్థ ఏర్పడింది. అణుశాస్త్ర సాఫ్ట్‌వేర్ రాసే యువతకు శిక్షణ, వేతనంతో కూడిన ఫెలోషిప్‌లు, క్వాంటం లెక్కల ఫలితాలకు ఉమ్మడి ఫైల్ రూపం వంటి పనులు అది చేపట్టింది. మన దేశంలో ఇలాంటి నిర్వహణకు విడిగా నిధులు కేటాయించాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ప్రశ్న: నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరును. బీఎస్సీలో రసాయనశాస్త్రం చదివాను, చాలావరకు మరిచిపోయాను. ఈ ప్రాజెక్టులకు నాలాంటివారు ఉపయోగపడగలరా? హైదరాబాద్‌లో ఉన్న నా తమ్ముడు ఫార్మసీ చదువుతున్నాడు, వాడికీ ఆసక్తి ఉంది.
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఇద్దరూ ఉపయోగపడతారు, కానీ వేర్వేరు విధాలుగా.

మీకు తెలిసిన విద్యలో వీరికి ఎక్కువ కొరత ఉంది. రసాయనశాస్త్రవేత్తలు రాసిన కోడ్‌కు పరీక్షలు జతచేయడం, విండోస్‌లోనూ మాక్‌లోనూ సరిగా ఇన్‌స్టాల్ అయ్యేలా చూడటం, వేగం తగ్గిన చోటును పట్టుకోవడం, పాత కోడ్‌ను కొత్త కంపైలర్‌కు సరిపడేలా మార్చడం వంటి పనులకు వలయంలో ఎన్ని పై (π) ఎలక్ట్రాన్లు ఉన్నాయో తెలియనవసరం లేదు. అణువుల నిర్మాణాన్ని దాచే పాత మోల్‌ఫైల్ రూపంలో పరమాణువుల సంఖ్యకు మూడు అంకెల చోటు మాత్రమే ఉండటం వల్ల 999 పరమాణువులకు మించిన అణువులు అందులో ఇమడవు. అలాంటి పరిమితి దాటిన ఫైల్ వస్తే ప్రోగ్రాము నిశ్శబ్దంగా తప్పు చదువుతోందా, స్పష్టంగా దోషం చూపుతోందా అని పరీక్ష రాయడం మంచి ప్రారంభం.

మీ తమ్ముడికి అనువైన దారి వేరు. అణువులను నిర్మించి చూపే అవొగాడ్రో, ఆర్‌డీకిట్ వంటివి ఓపెన్ కెమిస్ట్రీ అనే ఉమ్మడి పేరుతో గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో పాల్గొంటూ వచ్చాయి. అందులో ఎంపికైనవారికి ఒక అనుభవజ్ఞుడి మార్గదర్శకత్వం, కొంత పారితోషికం లభిస్తాయి. హైదరాబాద్‌లోనే భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో జి. నరహరి శాస్త్రి బృందం ఎంపీడీఎస్ అనే ఓపెన్ సోర్స్ వేదికను నిర్మించింది. గెలాక్సీ అనే ఉమ్మడి చట్రం మీద, ఇతరులు రాసిన బహిరంగ సాధనాలను అమర్చి, మొదట క్షయ వ్యాధి ఔషధాల అన్వేషణకు దాన్ని రూపొందించారు. ఇతర దేశాల్లో రాసిన చిన్న చిన్న సాధనాలు మన ప్రాంతపు పరిశోధనశాలలో, మన ప్రజల వ్యాధి మీద పనికొచ్చేలా ఎలా కుదురుకుంటాయో చూడటానికి అతడికి అది దగ్గరలోనే ఉన్న ఉదాహరణ. దాని గురించి ప్రచురించిన వ్యాసాలను ముందు చదవమనండి.

మొదటి అడుగుగా ఇద్దరూ ఒక లోపాన్ని సరిగా నివేదించడం నేర్చుకోండి. లోపం చూపించే అతి చిన్న అణువు ఏదో కనిపెట్టండి. నలభై పరమాణువుల మందు అణువు నుంచి ఒక్కొక్క సమూహాన్నీ తొలగిస్తూ పోయి, లోపం ఇంకా కనిపించే అయిదారు పరమాణువుల ముక్కకు చేరుకోండి. లైబ్రరీ వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, మీరు నడిపిన ఆజ్ఞలు, వచ్చిన జవాబు, మీరు ఆశించిన జవాబు, అది సరైనదని ఎందుకు అనుకుంటున్నారో చెప్పే ఆధారం – ఇవన్నీ రాయండి. వేరే లైబ్రరీ అదే అణువుకు ఏమి చెప్పిందో కూడా చేర్చండి. అలాంటి నివేదిక అందితే నిర్వాహకుడు దానిని ఉన్నదున్నట్టుగా ఒక శాశ్వత పరీక్షగా మార్చి ప్రాజెక్టులో చేర్చగలడు. ఆ తరువాత ఎవరు ఏ మార్పు చేసినా, మీరు కనిపెట్టిన ఆ అణువుతో ప్రోగ్రామును మళ్లీ పరీక్షిస్తారు.